తోడు పంచిన మనిషి

పాలు తోడు పెట్టడం అందరికీ తెలిసిన పనే. గోరువెచ్చని పాలల్లో చెంచాడు మజ్జిగ వేస్తే తెల్లారేసరికి పెరుగు తోడుకుంటుంది. ఒక్కోరోజు ఇంట్లో మజ్జిగ చుక్క ఉండదు. అప్పుడు గిన్నె పట్టుకుని పక్కింటికి వెళతాం. "వదినా, కాస్త తోడు పెట్టవా?" అని అడుగుతాం. పక్కింటి వదిన కాదనదు. చెంచాడు తోడు ఇస్తే ఆమె పెరుగు ఏమీ తరగదు. మన ఇంట్లో మాత్రం కుండెడు పెరుగు అవుతుంది.

ఇలాంటి తోడు కోసమే ఒక మనిషి దేశం కాని దేశం వెళ్ళాడు. తెచ్చుకున్న తోడుతో కోట్లు సంపాదించాడు. ఆ తర్వాత ఆ తోడునీ, ఆ సంపదనీ నలుగురికీ పంచాడు. ఆయన పేరు జాకబ్‌సెన్. ఊరు కోపెన్‌హాగన్. అది డెన్మార్క్ దేశానికి రాజధాని. డెన్మార్క్ ఐరోపా ఖండంలో ఉంది. చిన్న దేశం. చలి ఎక్కువ.

జాకబ్‌సెన్ చేసింది బీరు వ్యాపారం. బీరు కూడా మత్తు పానీయమే. తాగుడు వల్ల సంసారాలు ఎలా చితికిపోతాయో ఇది చదివే అక్కచెల్లెళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అయినా ఈయన కథ తెలుసుకోవాలి. ఎందుకంటే ఈ కథలో ఒక ప్రశ్న ఉంది. మనకు తెలిసిన విద్యను దాచుకుంటే లాభమా, పంచుకుంటే లాభమా?

రైతు కొడుకు పట్నం వచ్చాడు

జాకబ్‌సెన్ తండ్రి పేరు క్రిస్టెన్. ఆయన పల్లెటూరి రైతు కొడుకు. 1800 ప్రాంతంలో పని వెతుక్కుంటూ కోపెన్‌హాగన్ పట్నం చేరాడు. బీరు తయారుచేసే చోట కూలికి కుదిరాడు. పని నేర్చుకున్నాడు. పైసా పైసా కూడబెట్టాడు. చివరకు 1826లో సొంతంగా ఒక చిన్న బీరు బట్టీ కొనుక్కున్నాడు.

ఆ రోజుల్లో బీరు కాచేవాళ్ళకు లెక్కలు, కొలతలు ఉండేవి కావు. నీళ్ళు ఎంత వేడెక్కాయో చేయి పెట్టి చూసేవాళ్ళు. క్రిస్టెన్ అలా చేయలేదు. వేడిని కొలిచే థర్మామీటరు వాడాడు. పెద్దగా చదువుకోకపోయినా చదువు విలువ ఆయనకు తెలుసు.

1811 సెప్టెంబరు 2న ఆయనకు కొడుకు పుట్టాడు. అతనే మన జాకబ్‌సెన్. పిల్లవాడు తండ్రి పక్కనే పని నేర్చుకున్నాడు. మరో పక్క సైన్సు పాఠాలు వినడానికి వెళ్ళేవాడు. అప్పట్లో కోపెన్‌హాగన్‌లో ఓర్‌స్టెడ్ అనే గొప్ప శాస్త్రవేత్త ఉండేవాడు. కరెంటుకూ అయస్కాంతానికీ సంబంధం ఉందని 1820లో కనిపెట్టింది ఆయనే. ఆయన మామూలు జనానికి కూడా అర్థమయ్యేలా సైన్సు చెప్పించేవాడు. జాకబ్‌సెన్ ఆ పాఠాలు శ్రద్ధగా విన్నాడు.

1835లో తండ్రి చనిపోయాడు. బట్టీ భారం కొడుకు మీద పడింది. అప్పటికి జాకబ్‌సెన్‌కు పాతికేళ్ళు కూడా లేవు.

అమ్మ బట్టల కాగులో

బీరు ఎలా తయారవుతుంది? బార్లీ గింజలను నానబెట్టి మొలక కట్టిస్తారు. రాగుల్ని మొలక కట్టించినట్టే. మొలకల్ని ఆరబెట్టి, మర పట్టి, వేడి నీళ్ళలో కలుపుతారు. తియ్యటి నీళ్ళు వస్తాయి. వాటిలో హాప్స్ అనే తీగ పువ్వులు వేసి కాగబెడతారు. చల్లారాక ఈస్టు వేస్తారు. ఈస్టు అంటే కంటికి కనపడని సూక్ష్మజీవి. బేకరీలో బ్రెడ్డు పొంగడానికి వేసేదీ ఈస్టే. ఈ ఈస్టు తియ్యదనాన్ని తిని, మత్తు పదార్థాన్నీ గ్యాసునూ పుట్టిస్తుంది. బీరుకు ఈస్టే తోడు.

ఆనాటి డెన్మార్క్ బీరు త్వరగా పులిసిపోయేది. ఒక్కోసారి ఒక్కో రుచి. పక్కనున్న జర్మనీలో, బవేరియా అనే ప్రాంతంలో మాత్రం వేరే రకం బీరు చేసేవాళ్ళు. చల్లటి నేలమాళిగల్లో నెలల తరబడి నిలవ ఉంచేవాళ్ళు. అది త్వరగా చెడిపోదు. అక్కడి ఈస్టు రకమే వేరు. చల్లదనంలో మెల్లగా పనిచేస్తుంది. పని అయ్యాక అడుక్కు దిగుతుంది.

జాకబ్‌సెన్ ఆ రకం బీరు చేయాలనుకున్నాడు. కానీ బట్టీలో ఉన్న సరుకంతా పాడైతే నష్టం. అందుకని ఇంట్లోనే కొంచెం కొంచెంగా చేసి చూశాడు. వాళ్ళమ్మ మురికి బట్టలు ఉడకబెట్టే రాగి కాగు ఒకటి ఉండేది. మొదటి ప్రయత్నాలు ఆ కాగులోనే చేశాడు. తల్లి తన కాగు ఇచ్చింది కాబట్టి కొడుకు ప్రయత్నం సాగింది.

రెండు కుండల ఈస్టు

అసలైన ఈస్టు లేనిదే పని కాదని ఆయనకు అర్థమైంది. 1845లో జర్మనీలోని మ్యూనిక్ నగరానికి వెళ్ళాడు. అక్కడ సెడ్ల్‌మేర్ అనే పేరుమోసిన బీరు వ్యాపారి ఉన్నాడు. జాకబ్‌సెన్ ఆయన్ని తోడు అడిగాడు. ఆయన దాచుకోలేదు. రెండు కుండల ఈస్టు ఇచ్చాడు.

ఇక దాన్ని ఇంటికి చేర్చడమే కష్టం. మ్యూనిక్ నుంచి కోపెన్‌హాగన్ సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఇప్పటిలా విమానాలు లేవు. ఐసు పెట్టెలు లేవు. ప్రయాణం గుర్రపు బండి మీద. ఈస్టుకు వేడి తగిలితే చచ్చిపోతుంది. అందుకే బండి ఆగిన ప్రతి చోటా జాకబ్‌సెన్ దిగేవాడు. చన్నీళ్ళు తెచ్చి కుండల మీద పోసేవాడు. చంటిబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాడు. ఈస్టు ప్రాణంతో ఇల్లు చేరింది.

ఆ రెండు కుండలే ఆయన అదృష్టాన్ని మార్చేశాయి. ఊరు బయట, వాల్బీ అనే గుట్ట దగ్గర కొత్త కార్ఖానా కట్టాడు. 1847 నవంబరు 10న అక్కడ మొదటిసారి బీరు కాచారు. అప్పుడు ఆయన కొడుకు కార్ల్‌కు 5 ఏళ్ళు. కొడుకు పేరు, గుట్ట పేరు కలిపి కార్ఖానాకు 'కార్ల్స్‌బర్గ్' అని పేరు పెట్టాడు. బర్గ్ అంటే గుట్ట.

1867లో కార్ఖానా అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆయన కుంగిపోలేదు. మళ్ళీ కట్టాడు. వ్యాపారం ఇంకా పెరిగింది. ఈ సంపద ఒక్క ఆయన చేతులతోనే రాలేదు. బార్లీ పండించిన రైతులు, బట్టీల దగ్గర చెమటోడ్చిన కూలీలు, సీసాలు కడిగి నింపిన ఆడవాళ్ళు, అందరి కష్టమూ అందులో ఉంది.

బీరుకు జబ్బు చేసింది

జాకబ్‌సెన్‌కు ఒక నమ్మకం ఉంది. ఏ పనైనా ఎందుకు అలా జరుగుతుందో తెలుసుకుని చేయాలి. ఊరికే అలవాటు కొద్దీ చేస్తే ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తింటాం. అందుకే 1875లో కార్ఖానా పక్కనే ఒక ప్రయోగశాల పెట్టాడు. జీతాలిచ్చి శాస్త్రవేత్తలను పెట్టుకున్నాడు. ఆ ప్రయోగశాలకు ఒక నియమం రాశాడు. అక్కడ కనిపెట్టిన ముఖ్యమైన సంగతి ఏదైనా సరే, రహస్యంగా దాచకూడదు. అందరికీ తెలిసేలా అచ్చు వేయాలి.

వ్యాపారి ఎవరైనా అలాంటి నియమం పెట్టుకుంటాడా? పోటీ వ్యాపారులకు మన కిటుకు తెలిస్తే మన గిరాకీ పోదా? ఈ నియమానికి త్వరలోనే పరీక్ష వచ్చింది.

1883లో జాకబ్‌సెన్ బీరు చెడిపోవడం మొదలైంది. చేదు, చెడు వాసన. ఎంత శుభ్రంగా చేసినా అంతే. పేరు పోయే పరిస్థితి.

ప్రయోగశాలలో హాన్సెన్ అనే శాస్త్రవేత్త ఉన్నాడు. ఆయన పేదింటి బిడ్డ. ఇళ్ళకు రంగులు వేసే పని చేసినవాడు. కష్టపడి చదువుకున్నాడు. చదువు ఖర్చుల కోసం కథల పుస్తకాలు కూడా రాశాడు. ఆయన చెడిపోయిన బీరును మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. సంగతి తెలిసింది. మంచి ఈస్టులో వేరే అడవి రకం ఈస్టు కలిసిపోయింది. మేలు రకం వడ్లలో పనికిమాలిన వడ్లు కలిసినట్టు.

మరి వేరు చేయడం ఎలా? వడ్లనైతే చేటలో పోసి ఏరవచ్చు. ఈస్టు కంటికే కనపడదు. హాన్సెన్ ఒక ఉపాయం చేశాడు. ఈస్టును నీళ్ళలో బాగా పలచన చేశాడు. ఎంత పలచన అంటే, ఒక్కో చుక్కలో ఒక్కటే ఈస్టు కణం ఉండేంత. ఆ ఒక్క కణాన్ని విడిగా పెంచాడు. ఒకటి రెండయింది. రెండు నాలుగయ్యాయి. అన్నీ ఒకే రకం. కల్తీ లేని మేలు విత్తనం తయారైంది.

మొదట జాకబ్‌సెన్‌కు నమ్మకం కుదరలేదు. 1883 నవంబరులో ఆ ఈస్టుతో బీరు కాచి చూశారు. జబ్బు పోయింది. రుచి బాగుపడింది.

దాచుకోవాలా? పంచుకోవాలా?

ఇప్పుడు జాకబ్‌సెన్ చేతిలో ఎవరి దగ్గరా లేని తోడు ఉంది. దాన్ని దాచుకుంటే మిగతా కార్ఖానాల బీరు చెడుతూ ఉంటుంది. తన బీరు ఒక్కటే బాగుంటుంది. కావలసినంత ధర పెట్టుకోవచ్చు. లేదంటే చెంచాకు ఇంత అని ఆ ఈస్టునే అమ్ముకోవచ్చు.

ఆయన ఆ పని చేయలేదు. హాన్సెన్ పద్ధతిని అచ్చు వేయించారు. అడిగిన కార్ఖానాలకు ఆ ఈస్టును ఉచితంగా పంపించారు. దేశదేశాల బీరు వ్యాపారులు దాన్ని వాడుకున్నారు. ఒకప్పుడు మ్యూనిక్‌లో ఆయన అడిగితే సెడ్ల్‌మేర్ లేదనలేదు. ఇప్పుడు తనను అడిగినవాళ్ళకు ఆయనా లేదనలేదు.

దీనివల్ల ఆయన వ్యాపారం మునిగిందా? మునగలేదు. కార్ల్స్‌బర్గ్ పేరు ప్రపంచమంతా పాకింది.

ఆ ప్రయోగశాల వల్ల బీరుతో సంబంధం లేనివాళ్ళకు కూడా మేలు జరిగింది. 1883లోనే అక్కడ కెల్డాల్ అనే శాస్త్రవేత్త మరో పద్ధతి కనిపెట్టాడు. గింజల్లో మాంసకృత్తులు ఎంత ఉన్నాయో దానితో లెక్క కట్టవచ్చు. మాంసకృత్తులు ఒంటికి బలాన్నిస్తాయి. కందిపప్పులో, శనగల్లో, పాలపిండిలో అవి ఎంత ఉన్నాయో తేల్చడానికి ఇప్పటికీ ఆ పద్ధతి వాడుతున్నారు.

1909లో అదే చోట సోరెన్‌సెన్ అనే శాస్త్రవేత్త పులుపును కొలిచే కొలబద్ద తయారుచేశాడు. దాని పేరు పి.హెచ్. ఈ మాట మీరు విని ఉంటారు. పొలం మట్టిని భూసార పరీక్షకు ఇస్తే వచ్చే కాగితంలో పి.హెచ్. ఎంతో రాసి ఉంటుంది. 7 ఉంటే మధ్యస్థం. అంతకు తగ్గితే పులుపు నేల. బాగా పెరిగితే చౌడు నేల. కోపెన్‌హాగన్‌లో పుట్టిన ఆ అంకె మన ఊరి రైతు చేతికి కూడా వచ్చింది. దాచి ఉంటే వచ్చేదా?

సంపదకు వారసులు ఎవరు?

జాకబ్‌సెన్‌కు డబ్బు బాగా వచ్చింది. దాన్ని ఏం చేశాడు? డెన్మార్క్‌లో ఫ్రెడరిక్స్‌బోర్గ్ అనే పాత రాజుల కోట ఉంది. అది 1859లో కాలిపోయింది. దాన్ని మళ్ళీ బాగుచేయడానికి ఆయన డబ్బిచ్చాడు. 1878లో అందులో దేశ చరిత్ర చూపే మ్యూజియం పెట్టించాడు. ఒకప్పుడు రాజులు ఉన్న కోటలోకి ఇప్పుడు మామూలు జనం వెళ్ళి తమ చరిత్ర చూసుకుంటున్నారు.

1876లో ఆయన ఒక ట్రస్టు పెట్టాడు. దాని పేరు కార్ల్స్‌బర్గ్ ఫౌండేషన్. దాన్ని నడిపే పని చుట్టాలకు ఇవ్వలేదు. డెన్మార్క్ శాస్త్రవేత్తల పరిషత్తుకు అప్పగించాడు. ప్రయోగశాలను నడపాలి, దేశంలో శాస్త్ర విద్యను పెంచాలి. ఇదే ట్రస్టు పని. చివరకు తన కార్ఖానాను కూడా ఆ ట్రస్టుకే వీలునామా రాశాడు.

తన ఇంటిని కూడా దేశం కోసమే విడిచాడు. దేశానికి పేరు తెచ్చిన పండితుడు ఒకరు అందులో ఉండాలని రాశాడు. పేరుపొందిన శాస్త్రవేత్త నీల్స్ బోర్ 1932 నుంచి చనిపోయేదాకా, అంటే 1962 దాకా, ఆ ఇంట్లోనే ఉన్నాడు.

తండ్రీ కొడుకుల తగవు

ఊరందరికీ పంచిన ఈ మనిషి ఇంట్లో మాత్రం సుఖపడలేదు. కొడుకు కార్ల్ పెద్దవాడయ్యాడు. అతనూ బీరు పని నేర్చుకున్నాడు. తండ్రి అతనికి పక్కనే ఒక కార్ఖానా నడపమని ఇచ్చాడు. అక్కడే తగవు మొదలైంది.

తండ్రి మాట: బీరును నెలల తరబడి నిలవ ఉంచాలి. తక్కువ చేసినా బాగా చేయాలి.

కొడుకు మాట: జనం అడుగుతున్నారు. త్వరగా చేసి ఎక్కువ అమ్మితే తప్పేమిటి?

ఇద్దరూ పట్టుదల మనుషులే. మాటా మాటా పెరిగింది. చివరకు కొడుకు వేరుపడ్డాడు. 1882లో పక్కనే 'కొత్త కార్ల్స్‌బర్గ్' పెట్టాడు. తండ్రిది 'పాత కార్ల్స్‌బర్గ్' అయింది. రెండు కార్ఖానాల మధ్య ఉన్న దారికి ఏ పేరు పెట్టాలనే దగ్గర కూడా గొడవే. ఎవరికి వాళ్ళు బోర్డులు పాతించారు. కొడుకు పేరుతో పెట్టిన కార్ఖానా చివరకు కొడుక్కి దక్కలేదు.

కొన్నేళ్ళు ఇలాగే గడిచాయి. 1886లో తండ్రీ కొడుకులు మళ్ళీ కలిశారు. ఆ మరుసటి ఏడాదే జాకబ్‌సెన్ ఇటలీ దేశం వెళ్ళాడు. అక్కడి రోమ్ నగరంలో జబ్బుపడ్డాడు. 1887 ఏప్రిల్ 30న కన్నుమూశాడు. పోట్లాట ఇంకొక్క ఏడాది సాగి ఉంటే వాళ్ళు కలిసేవాళ్ళే కాదు. తెలియని వ్యాపారులకు తోడు పంచిన మనిషికి, సొంత కొడుకు మాట వినడానికి మాత్రం అన్నేళ్ళు పట్టింది.

కార్ల్ కూడా తండ్రి దారే పట్టాడు. అతనికి బొమ్మలు, శిల్పాలు అంటే ప్రాణం. కార్ల్, అతని భార్య ఒటీలియా కలిసి బోలెడు శిల్పాలు సేకరించారు. వాటిని ఇంట్లో పెట్టుకోలేదు. జనం చూడడానికి ఇచ్చేశారు. వాటి కోసం కట్టిన మ్యూజియం 1897లో తెరిచారు. 1902లో ఇద్దరూ కలిసి కళల కోసం మరో ట్రస్టు పెట్టారు. వాళ్ళ కార్ఖానా లాభాలు దానికి రాసిచ్చారు. కోపెన్‌హాగన్ సముద్రం ఒడ్డున రాతి మీద కూర్చున్న మత్స్యకన్య విగ్రహం ఉంది. 1913లో దాన్ని ఊరికి బహుమతిగా ఇచ్చింది కార్లే. 1906లో పాత కార్ఖానా, కొత్త కార్ఖానా రెండూ ఒక్కటయ్యాయి.

ఈనాటికీ

కార్ల్స్‌బర్గ్ ఇప్పుడు ఎన్నో దేశాల్లో వ్యాపారం చేసే పెద్ద కంపెనీ. దాని మీద పెత్తనం ఇప్పటికీ జాకబ్‌సెన్ పెట్టిన ట్రస్టుదే. లాభాల్లో ట్రస్టుకు వచ్చే వాటా చదువులకు, పరిశోధనలకు వెళుతోంది.

అయితే ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ డబ్బు తాగేవాళ్ళ జేబుల్లోంచి వచ్చిందే. ఆ జేబుల వెనక ఇళ్ళు ఉన్నాయి, పిల్లలు ఉన్నారు. దానం చేసినంత మాత్రాన మత్తు మంచిదైపోదు. జాకబ్‌సెన్ నుంచి నేర్చుకోవలసింది వేరే ఉంది. పని ఏదైనా ఎందుకు, ఎలా అని అడిగి తెలుసుకోవాలి. తెలిసింది నలుగురికీ చెప్పాలి.

మీకూ తెలిసిన విద్యలు ఉన్నాయి. ఒకరికి విత్తనం దాచడం తెలుసు. ఒకరికి పచ్చడి బూజు పట్టకుండా పెట్టడం తెలుసు. ఒకరికి బ్యాంకు కాగితం నింపడం వచ్చు. ఇప్పుడు మీకు అక్షరాలు కూడా వచ్చాయి. తెలిసిన విద్యను కాగితం మీద పెడితే అది ఊరు దాటుతుంది. మనవరాళ్ళ దాకా కూడా వెళుతుంది.

కొత్త మాటలు

ప్రయోగశాల: కొత్త సంగతులు పరీక్షించి చూసే చోటు.
మాంసకృత్తులు: ఒంటికి బలాన్నిచ్చే పోషక పదార్థం.
వీలునామా: తన తర్వాత ఆస్తి ఎవరికి చెందాలో రాసే కాగితం.
ట్రస్టు: ఒక మంచి పని కోసం డబ్బు, ఆస్తి కేటాయించి నడిపే సంస్థ.

లెక్క కట్టండి

1. జాకబ్‌సెన్ 1811లో పుట్టాడు. 1847 నవంబరులో కార్ల్స్‌బర్గ్ మొదలైంది. అప్పటికి ఆయన వయసు ఎంత?
2. ఆయన ట్రస్టు పెట్టి ఈ ఏడాదికి ఎన్నేళ్ళయింది?

అందరూ కలిసి మాట్లాడుకోండి

1. కొత్త ఈస్టును దాచుకుని ఉంటే జాకబ్‌సెన్‌కు ఏం లాభం? లోకానికి ఏం నష్టం?
2. తండ్రీ కొడుకుల తగవులో మీరు ఎవరి పక్షం? ఎందుకు?
3. మత్తు అమ్మిన డబ్బుతో మంచి పని చేస్తే ఆ వ్యాపారం మంచిదైపోతుందా?
4. మీకు తెలిసిన ఒక పని ఎలా చేయాలో ఐదు వాక్యాల్లో రాయండి. రాసింది పక్కనున్న చెల్లెలికి చదివి వినిపించండి.